ముప్పదియిద్దరిలో మన బిడ్డ



మీ పిల్లవాడు ఊరిలోని స్కౌటు దళములో చేరినాడనుకొనుడు. మెడలో స్కార్ఫు, చేతిలో కర్ర, ఇంటికి వచ్చిన మొదలు నోటినిండ ముచ్చట్లు. మీకును సంతోషమే. ఇంతలో ఒక సాయంకాలము దళము పెద్దలు మీ యింటికి వచ్చి, "ఇన్నాళ్లు నడిపిన మాస్టరుగారికి బదిలీ అయినది. పిల్లలు ఇరవైయెనిమిదిమంది ఉన్నారు, నడిపించువారు లేరు. వారమునకు ఒక సాయంకాలము మీరు ఇయ్యగలరా?" అని అడిగిరి. జీతము లేదు, భత్యము లేదు. సెలవులలో క్యాంపు ఉండును. మీరేమి చెప్పుదురు?

మొదట నోటికి వచ్చు జవాబులు మనకందరకు తెలిసినవే. మదనపల్లె మార్కెట్టుకు టమోటాలు తోలు రైతు కోడి కూయకముందే లేచును. కుప్పములో బెంగుళూరు బండి యెక్కి పనికి పోవువాడు దీపములు పెట్టిన తరువాత గాని ఇల్లు చేరడు. పుంగనూరు ప్రక్కన పాడి పెట్టుకొన్న ఇంటివారికి సాయంకాలమే చేతినిండ పని. ఇవి సాకులు కావు, నిజములు. ఇంటిలో రోగమో అప్పో ఉన్నవాడు "నా చేత కాదండి" అని చెప్పినచో అందులో తప్పు లేదు. అతనితో నాకు వాదము లేదు. నేను మాటలాడదలచినది "సరే" అన్నవారితో.

ఏలయనగా మీరు సరే అన్న మరునాడే ఊరిలో ఒక మాట పుట్టును. "వాళ్ల పిల్లోడు ఉండాడు కాబట్టి పోతా ఉండాడు, లేకుంటే పొయ్యేవాడా?" అందురు. ఆ మాట మిమ్మును గుచ్చును, నిజము గనుక. మీ వాడు ఆ దళములో లేనిచో మీరు పోయెడివారు కారు. అట్లయిన తన బిడ్డకొరకు చేసిన సేవ సేవ యగునా? లేక ఊరి పేరు పెట్టుకొని మన యింటి పని మనము చేసికొనుట మాత్రమేనా?

ఈ ప్రశ్న స్కౌటు ఉద్యమమంత పాతది. 1883లో గ్లాస్గో పట్టణమున విలియం అలెగ్జాండర్ స్మిత్ అను సండే స్కూలు టీచరు, తరగతిలో ఎవరికిని లొంగని కుర్రవాండ్రతో విసిగి, వారికి కవాతును క్రమశిక్షణను ఆటలను కలిపి నేర్పుటకు బాయ్స్ బ్రిగేడ్ అను సంఘమును మొదలుపెట్టెను. సండే స్కూలు నడిపినవారికి అతని బాధ నేను చెప్పనక్కరలేదు. తరువాత బేడెన్ పవల్ అను సైన్యాధికారి ఆ దారినే మరికొంత దూరము పోయి, 1907 ఆగస్టులో బ్రౌన్సీ అను చిన్న దీవిమీద ఇరవైమంది పిల్లలతో మొదటి క్యాంపు పెట్టెను. వారిలో రమారమి సగము ధనవంతుల బడులనుండి వచ్చినవారు, తక్కినవారు బాయ్స్ బ్రిగేడునుండి వచ్చిన సామాన్యుల పిల్లలు. ఇద్దరిని వేరువేరుగా ఉంచక నాలుగు పెట్రోళ్లుగా కలిపివేసెను. (పెట్రోలు అనగా బండిలో పోయు నూనె కాదు సుమా, ఆరుగురో యెనిమిదిమందో గల చిన్న జట్టు.) ఆ క్యాంపులో తొమ్మిదేండ్ల డోనాల్డు అను పిల్లవాడొకడు ఆర్డర్లీగా పనులు చేయుచుండెను. అతడు బేడెన్ పవల్ అన్నగారి కుమారుడు. అనగా మొట్టమొదటి క్యాంపులోనే నాయకునికి తన యింటి పిల్లవాడు ఒకడు ఉండెను.

మన దేశమునకు ఈ ఉద్యమము 1909లో బెంగుళూరునకు వచ్చెను. కుప్పము స్టేషనులో బండి యెక్కినవారు పూట తిరుగకముందే దిగు ఊరే అది. కెప్టెన్ బేకర్ అను దొర అచ్చట మొదటి దళమును ఏర్పరచెను. అయితే అది యూరోపియను, ఆంగ్లో ఇండియను పిల్లలకు మాత్రమే. మన పిల్లలకు అందులో చోటు లేకపోయెను. ఆ దొరలు తమ పిల్లలను ప్రేమించినవారే, తమ పిల్లలకొరకు శ్రమపడినవారే. అయినను "మన పిల్లలు" అను మాటచుట్టు వారొక గీత గీసిరి. గీతకు ఇవతల ఉన్నవాడు ఏండ్ల తరబడి ఇవతలనే నిలిచిపోయెను.

ఆ గీతను చెరిపినవారిలో మదనపల్లెవారికి తెలిసిన పేరొకటి కలదు. 1915లో మదనపల్లెలో కాలేజీ స్థాపించిన అనీ బెసెంటు అమ్మగారు, 1916-17 ప్రాంతమున అరండేలుగారితో కలిసి మద్రాసులో భారతీయ బాలురకొరకు ప్రత్యేకముగా స్కౌటు సంఘమును నెలకొల్పెను. ఆమె విశ్వాసము మన విశ్వాసము కాదు. అయినను ఈ విషయమున ఆమె చేసినది మంచిపని అని చెప్పుటకు మనకు సంకోచమెందుకు? ఉత్తరాదిన మదనమోహన మాలవీయగారు, కుంజ్రూగారు, శ్రీరామ్ బాజ్‌పేయిగారు అట్టి సంఘమునే అలహాబాదులో నడిపిరి. 1921లో బేడెన్ పవల్ స్వయముగా ఈ దేశమునకు వచ్చినప్పుడు బెసెంటమ్మగారి సంఘము అతని సంఘముతో కలిసిపోయెను. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత, 1950 నవంబరు 7న, వేరువేరుగా ఉన్న బాలుర సంఘములు ఏకమై భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడెను. మరుసటి యేడు ఆగస్టు 15న బాలికల గైడు సంఘమును అందులో చేరెను. ఈ కథయంతయు చదివినప్పుడు నాకు కనబడునది ఒక్కటే ప్రశ్న: ఎవరి బిడ్డలు?

ఇప్పుడు మీ సంగతికి వత్తము. మీరు మీ బిడ్డకొరకు వచ్చినారు. దీనిలో సిగ్గుపడవలసినది లేదని నా అభిప్రాయము. మన సీమలో చెరువులు ఎట్లు నిలిచినవో జ్ఞాపకము చేసికొనుడు. కుడిమరామత్తు అని ఒక కట్టుబాటు ఉండెడిది. చెరువు క్రింద పొలము గల ప్రతి యింటివారును కట్టమీదికి వచ్చి మట్టి మోయవలెను, కాలువ పూడిక తీయవలెను. వచ్చినవాడు ఎందుకు వచ్చెను? తన మడి తడియవలెనని. పరోపకారమని ఎవడును గంప నెత్తికెత్తుకొనలేదు. అయినను కట్ట గట్టిపడిన తరువాత నిలిచిన నీరు అందరి మడులకు పారెను. స్వంత మడిమీది ప్రేమ అతనిని కట్టమీదికి తెచ్చినది. దానిని నిందించినవాడు చెరువు సంగతి ఎరుగనివాడు.

అయితే చెరువుకు మరియొక మనిషి ఉండెను, నీరుగంటి. తూము ఎత్తుట, ఏ మడికి ఎంతసేపు నీరు విడువవలెనో చూచుట అతని పని. చాలా ఊళ్లలో ఈ పని తరతరములుగా మన మాల మాదిగ కుటుంబములవారే చేసిరి. తమకు ఆ చెరువు క్రింద పొలము లేనివారు గనుకనో, ఉన్నను కొంచెమే గనుకనో, వారి చేతి న్యాయమును ఊరు నమ్మినది. ఇది మన పెద్దల చరిత్రలో మనము తల యెత్తుకొని చెప్పుకొనదగిన సంగతి. ఇప్పుడు తండ్రియై స్కౌటు మాస్టరు పని ఒప్పుకొన్నవాని స్థితి ఏమి? అతడు మట్టి మోయుటకు వచ్చిన రైతు మాత్రమే కాడు. చెరువు క్రింద తన మడి ఉండగానే తూము తన చేతికి వచ్చిన నీరుగంటి. కష్టమంతయు ఇక్కడ ఉన్నది.

ఒక దళములో నాలుగు పెట్రోళ్లు నిండితే ముప్పదియిద్దరు పిల్లలు. ఈల ఊదగానే అందరు వరుసలో నిలుతురు. మీ కన్ను మొదట ఎవరిమీద పడును? మీ వానిమీదనే. బూటు లేసు కట్టుకొన్నాడా, ముఖము వాడినదా, ప్రక్కవాడు త్రోసెనా అని చూతురు. అది సహజము, దానిని ఆపలేము. కాని కన్ను అక్కడనే నిలిచినచో, వరుస చివర చొక్కాకు గుండీలు లేక పిన్నీసు పెట్టుకొని వచ్చిన పిల్లవాడు మీకు కనబడడు. అతని తండ్రి బెంగుళూరులో కూలికి పోయి నెలకొకసారి వచ్చును. అతని మీద మొదట కన్ను వేయువారు ఆ మైదానములో ఎవరును లేరు.

పక్షపాతమును గూర్చి మనకు పరిశుద్ధ గ్రంథము చాలినంత నేర్పినది. యాకోబు ఒక కుమారునికి మాత్రము అంగీ కుట్టించినందున ఆ యింటిలో ఏమి జరిగెనో సండే స్కూలు పిల్లలును చెప్పగలరు. అయితే నేను చూచినంతవరకు, మంచివారైన తలిదండ్రులు పడు గుంట ఇది కాదు, దీనికి ఎదుటి గుంట. ఊరివారు ఏమనుకొందురో అని తమ బిడ్డను ఇతరులకంటె రెండింతలు గద్దింతురు. ఇద్దరు అల్లరి చేసినచో తమ వానినే నిలువబెట్టుదురు. పెట్రోలు లీడరు కాదగినవాడు అతడే అయినను అతనికి ఇయ్యరు. దీనిని న్యాయమని పేరు పెట్టుకొందురు. ఇది న్యాయము కాదు. తండ్రి తన పేరును కాపాడుకొనుటకు కుమారునిచేత వెల కట్టించుట. నీరుగంటి తన మడికి ఎక్కువ నీరు పెట్టుకొనుట దొంగతనమైతే, నలుగురి మెప్పుకొరకు తన మడిని ఎండగట్టుట తెలివా? ఆ మడిలో నాటిన పైరు ఏమి తప్పు చేసినది?

యాజకుడైన ఏలీ సంగతి నన్ను ఎప్పుడును కలతపెట్టును. హన్నా తెచ్చి అప్పగించిన పరాయి బిడ్డ సమూయేలును అతడు చక్కగా పెంచెను. ఆ రాత్రి పిలుపు వినబడినప్పుడు ఏమి చేయవలెనో ఓపికతో నేర్పెను. కాని అదే ఆవరణములో పెరిగిన తన కుమారులు హొఫ్నీ, ఫీనెహాసు చెడిపోయిరి. ఇతరుల పిల్లలకు మంచి గురువైనవాడు తన పిల్లలకు మంచి తండ్రి అగునని హామీ లేదు. సంఘ సేవలోనో బడి సేవలోనో మునిగిన ఇండ్లలో పెరిగినవారు ఈ సంగతి లోలోపల ఎరుగుదురు, పైకి చెప్పరు.

మరి చేయవలసినదేమి? మనస్సును సరిచేసికొనుమని చెప్పుట సులభము. కాని మనస్సు ఒక్కదానిమీద ఆధారపడుట మంచిది కాదు. ఏర్పాటు కూడ ఉండవలెను. ఈ విషయమున స్కౌటు పద్ధతి తెలివైనది. మాస్టరు ముప్పదియిద్దరిని తానే నడుపడు. ప్రతి పెట్రోలుకు పిల్లలలోనే ఒక నాయకుడు ఉండును, ఆ నాయకులందరు కూర్చుండి దళము సంగతులు మాటలాడుకొందురు. మీ వాని తగవు వచ్చినప్పుడు దానిని ఆ సభకు వదలివేయుడు. మీ వాని పరీక్షలను, అనగా ముడులు వేయుట, గాయమునకు కట్టు కట్టుట, దిక్కులు చెప్పుట మొదలగువానిని, మీరు గాక మీ సహాయకుడు చూడవలెను. రాత్రి అన్నముదగ్గర దళము సంగతి ఎత్తకుడు. ఆ పళ్లెముదగ్గర అతడు స్కౌటు కాడు, మీరు మాస్టరు కారు. మైదానములో మాత్రము "నాన్నా" అని పిలువకూడదు, "సార్" అనవలెనని కొందరు కట్టడి చేయుదురు. నాకు అది ఇష్టము లేదు. తండ్రి కానట్లు నటించుటవలన ఎవరికి లాభము? పిల్లలకందరకు తెలిసిన సంగతియే గదా.

క్యాంపు రాత్రి పొయ్యిదగ్గర అసలు పరీక్ష వచ్చును. ప్రతి స్కౌటు ఇతర స్కౌటులకందరకు సోదరుడని స్కౌటు నియమములలో ఒకటి చెప్పును. మైదానములో ఈ మాట పలుకుట తేలిక. కాని సంగటి కెలికిన చేయి ఎవరిది, కుండలోనికి గరిటె ముంచినదెవరు అను లెక్క మన పల్లెలలో ఇంకను పూర్తిగా చావలేదు. "మా వాడు ఇంటినుండి తెచ్చుకొన్నది తినును, సార్" అని ఒక తండ్రి ముందుగానే వచ్చి మెల్లగా చెప్పును. అతనిని కసరకుడు, అతని మాటకు లొంగకుడు. వంట వంతులు పెట్రోళ్లవారీగా వేసి, కుండ ఒక్కటే పెట్టి, మీ బిడ్డను అందరితో కలిపి వరుసలో కూర్చుండబెట్టి, మీరు చివర తినుడు. ఎక్కువ మాటలు అక్కరలేదు. ఆకలిగొన్న పండ్రెండేండ్ల పిల్లలు చెనిక్కాయల చట్నీ వాసనకు చాలా త్వరగా ధర్మము నేర్చుకొందురు.

మన సంఘములవారికి ఒక సంగతి ప్రత్యేకముగా చెప్పవలెను. స్కౌటు వాగ్దానములో దేవునిపట్ల కర్తవ్యము మొదటిది. దేవుడు అను మాటకు బదులు ధర్మము అని చెప్పుటకును అనుమతి కలదు. దళములో హిందువుల పిల్లలు, ముసల్మానుల పిల్లలు, మన పిల్లలు కలిసి నిలుతురు. కుప్పమువైపు అయితే తెలుగు, తమిళము, కన్నడము మూడు భాషలును ఒక్క పెట్రోలులోనే వినబడును. ఆ తలిదండ్రులు మిమ్మును నమ్మి బిడ్డలను పంపిరి. వారికి చెప్పకుండ వారి పిల్లలకు బోధ చేయుటకు ఆ సాయంకాలమును వాడుకొనకుడు. మీ విశ్వాసము దాచవలసిన అవసరము లేదు. నమాజు వేళకు పిల్లవాడు ప్రక్కకు పోయినప్పుడు ఆట ఆపి ఎదురుచూచుట కూడ విశ్వాసమునకు తగిన పనియే. ఆదివారము ఉదయము ఆరాధన మాని పిల్లలను నడకకు తీసికొనిపోకుడు. శనివారము చాలును.

పరాయి బిడ్డలు చేతిలో ఉన్నప్పుడు జాగ్రత్తయు వేరు. హార్సిలీ కొండకు నడక అనుకొందము. నాలుగువేల అడుగుల ఎత్తు, ఎండ, మలుపుల రోడ్డు, బస్సులు. ప్రతి తల్లిదండ్రులనుండి సంతకము చేసిన అనుమతి చీటి, సరిపడు నీళ్లు, మందుల పెట్టె, తోడుగా మరియొక పెద్దమనిషి లేకుండ బయలుదేరకూడదు. ఏ పెద్దవాడును ఏ పిల్లవానితోను మూసిన గదిలోనో గుడారములోనో ఒంటరిగా ఉండకూడదు. చేయి చేసికొనకూడదు. 2012లో వచ్చిన పోక్సో చట్టము పిల్లలను లైంగిక హింసనుండి కాపాడుటకు పుట్టినది. దళము నడుపు ప్రతివాడును దానిని తెలిసికొనవలెను. "నన్ను అనుమానించుచున్నారా?" అని కోపపడువారు కొందరుందురు. నిజాయితీగలవాడు ఇట్టి నియమమును తానే అడిగి పెట్టించుకొనును. కానుకల డబ్బు ఇద్దరు కూర్చుండి లెక్కపెట్టుట మన చర్చిలలో వాడుకయే గదా. పైకములకు ఉన్నపాటి కాపు పిల్లలకు అక్కరలేదా?

"నాకు ఆ ముడులు గిడులు రావండి" అని వెనుకాడువారికి ఒక మాట. అవి నేర్చుకొనుటకు శిక్షణ శిబిరములు కలవు. మొదటి మెట్టు బేసిక్ కోర్సు. చివర వుడ్ బ్యాడ్జి అని కొయ్య పూసల దండ ఇత్తురు. ఆ శిక్షణను 1919లో ఇంగ్లండులోని గిల్వెల్ పార్కులో మొదలుపెట్టిరి, మన దేశమున దానికి హిమాలయన్ వుడ్ బ్యాడ్జి అని పేరు. బావి చేదకు, బండి కాడికి, పాడి ఆవు పలుపుకు దినమంతయు ముడులు వేయు మన రైతుకు ఆ ముడులలో సగము ముందే వచ్చును, ఇంగ్లీషు పేర్లు మాత్రమే రావు. చిన్నపిల్లల దళములను, బాలురకు కబ్బులు అనియు బాలికలకు బుల్‌బుల్‌లు అనియు పిలుచువానిని, నడుపుటకు తల్లులు ఎంతయో తగుదురు. నలుబదియేండ్ల తల్లి త్రాడు చేతబట్టుకొని తప్పుగా వేసి, విప్పి, మరల వేయుచుండగా పిల్ల చూచుట చిన్న పాఠము కాదు. మన యిండ్లలో పెద్దవారు నేర్చుకొనుట పిల్లలు ఎప్పుడో గాని చూడరు.

ఇంక ఒక్కటి. ఊరివారి ఆ మాటకు, "వాళ్ల పిల్లోడు ఉండాడు కాబట్టి" అన్నదానికి, నోటితో జవాబు చెప్పబోకుడు. అది తేలుటకు కొన్ని యేండ్లు పట్టును. మీ వాడు పెరుగును. ఇంటరు అయిన తరువాత తిరుపతికో బెంగుళూరుకో చదువుకు పోవును. స్కార్ఫు పెట్టె అడుగున పడును. అతడు పోయిన మొదటి శనివారము మీకు మైదానముతో ఏ చుట్టరికమును మిగులదు. అయినను ఆ సాయంకాలము నాలుగున్నరకు పిల్లలు వత్తురు. గుండీలు లేని చొక్కా పిల్లవాని తమ్ముడు ఈసారి కొత్తగా చేరియుండును. ఈల ఎవరు ఊదుదురా అని వారు గేటువైపు చూచుచుందురు.